ముసలమ్మను ఓరగా చూడాలి

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నది ఎవరో గానీ, కదిరిలో హేమావతి ఇంటికి ఒక్కసారి వచ్చి చూసి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేవాడు. ఆమె ఆడబిడ్డ ఇందిర అర్ధమొగుడేమిటి, మొగుడి కంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. అసలు మొగుడు నాగముని సంగతంటారా? చీకటి పడగానే రాగిసంగటి తిని ముసుగు తన్నే మనిషి. వదినా ఆడబిడ్డలు మాత్రం దీపాలు పెట్టే వేళకే మిద్దె ఎక్కి, టెలిస్కోపు మీది గోనెపట్టా తీసి, ఆకాశం వెంట పడేవాళ్లు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

హేమావతిది బజారువీధిలో చిన్న కొట్టు. పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. పగలంతా సూదిమొన మీద పెట్టిన కన్నునే సాయంత్రం తీసుకెళ్లి నక్షత్రం మీద పెడుతుంది. ఈ పిచ్చి అంటించింది ఇందిరే. ఇందిర ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేసింది. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే, అయిదేళ్ల కూతురు చిత్రను వెంటబెట్టుకుని అన్నగారింటి మిద్దె మీది గదిలోకి వచ్చేసింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నల్లదనీ పళ్లెత్తనీ అనిపోయిన నాటినుంచి ఆమెకు అద్దమంటే గిట్టదు. "ఆకాశాన్ని చూసే మొహం ఇది. దీన్నెవరు చూడాల?" అని నవ్వేసేది.

వాళ్లిద్దరి చుక్క ఒకటుంది. దానికో పెద్ద పేరు శాస్త్రజ్ఞులు పెట్టే ఉంటారు గానీ, వీళ్లు పెట్టుకున్న పేరు ముసలమ్మ. ఎప్పుడు చూసినా మసక మసకగా కునుకుతూ ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి ఉన్న చుక్కలు పెద్దకోడలు, చిన్నకోడలు. పెద్దకోడలు కాస్త వెలుగు, చిన్నకోడలు కాస్త మసక. ఇద్దరి మధ్యా పది మెట్లు ఊహించుకుని, ఈవేళ ముసలమ్మ ఎన్నో మెట్టు మీద ఉందో చెప్పాలి. అదీ పని. ఈ ముసలమ్మ మనిషి ఆయుష్షుకు ఒక్కసారి మాత్రం నిద్రలేస్తుంది. లేచిందంటే కోడళ్లిద్దరినీ ఆర్పేసినంత వెలుగు వెలిగి, కొద్దిరోజుల్లో మళ్లీ ముడుచుకు పడుకుంటుంది. పోయినసారి లేచినప్పుడు వీళ్లు పుట్టలేదు. వచ్చేసారికి ఉండరు. అందుకే కళ్లు కాయలు కాచేలా కాపలా కాస్తున్నారు.

వాళ్లే కాదు, ప్రొద్దుటూరు రహమతుల్లా లాంటివాళ్లు ఇంకొందరు కూడా ఊళ్లూళ్ల మిద్దెల మీద ఇదే పని చేస్తారు. అందరినీ కలిపి చుక్కలోళ్లు అంటారు. చుక్కలోళ్లకు ఒక కట్టుబాటుంది. ఎదుటివాళ్లు చూడకముందు నువ్వు చూసింది చెప్పకూడదు. చెబితే వాళ్ల కన్ను నీ మాటకు లొంగిపోతుంది. అందుకని ఒకరు చూసి నోరు మూసుకుంటారు, రెండోవాళ్లు చూస్తారు, తర్వాత ఒకటి రెండు మూడు అని ఇద్దరూ ఒక్కసారే మెట్టు చెబుతారు. హేమావతి ఆరు అంటే ఇందిర నాలుగనేది. "నీ కండ్లలో జరీ పడినట్లుంది" అని ఒకరు, "నీవి సుద్దముక్క పొడి పడిన కండ్లు" అని ఒకరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడంలో ఇద్దరూ ఇద్దరే.

అలాంటి ఇందిరకు మూడేళ్ల కిందట చూపు పోయింది. కంటినరం ఎండిపోయిందన్నారు. వెలుగూ చీకటీ కూడా తెలియవు. అయినా సాయంత్రమయ్యేసరికి గోడ పట్టుకుని బయటికి వచ్చి, టెలిస్కోపు పక్కన కుర్చీలో కూర్చునేది. హేమావతి చూసి, "అయిదు" అనేది. "అయితే మూడే అయ్యుంటుంది" అనేది ఇందిర. కొట్లాట అలా నడుస్తూనే ఉంది గానీ, ఒంటిగొంతుతో మెట్టు చెప్పిన ప్రతిసారీ హేమావతికి గుండెలో కలుక్కుమనేది. ముసలమ్మ లేచేలోపు ఇందిరకు చూపు రాదు కదా అన్న దిగులొక్కటే ఆ ఇంట్లో దిగులు.

చలి మొదలయ్యే రోజుల్లో చిత్ర బెంగళూరు నుంచి దిగింది. అక్కడొక పరిశోధనశాలలో పని ఆ పిల్లకు. సంచిలోంచి రెండు మెత్తటి పట్టీలు తీసి, ఒకటి తల్లి తలకు, ఒకటి అత్త హేమావతి తలకు కట్టింది.

"ఏమే ఇది, పెండ్లికూతురికి బాసికం కట్టినట్ల?" అంది ఇందిర తడుముకుంటూ.

"చూపుపట్టీ అమ్మా. కండ్లు ఎంత చూసినా, చూపు అనేది తయారయ్యేది తల వెనకభాగంలో. అత్త తలలో తయారైన చూపును ఇది పట్టుకుని నీ తలలో పోస్తుంది. నీ కండ్లతో పనే లేదు."

"అంటే మీ అత్త చూసిందే నేను చూడాల్నా? ఖర్మ!"

"ఊరికే కూచో మే" అని హేమావతి టెలిస్కోపు తిప్పి పడమటి పక్క ఉన్న శనిగ్రహాన్ని పట్టింది. కన్ను ఆనించాక చిత్ర పట్టీల మీట నొక్కింది. వడ్డాణం పెట్టుకున్న చిన్న పసుపుముద్ద నిశ్చలంగా నిలబడి ఉంది.

వెనక కుర్చీ కిర్రుమంది. "అబ్బా!" అంది ఇందిర. ఇంకోసారి "అబ్బా" అని, చేత్తో తన చెంప తానే తడుముకుంది. ఏమీ కనపడని ఆ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"కనిపిస్తాందా?" అంది హేమావతి, గొట్టం మీంచి కన్ను తీయకుండానే.

"కనిపిస్తాండాడు వదినా. ఉంగరం కూడా."

హేమావతికి కాళ్లు నేలమీద ఆనలేదు. పట్టీ విప్పి పెట్టి, నాగమునిని లేపుకొచ్చి మరీ చెప్పింది. ఆయన తలగుడ్డ సర్దుకుంటూ చెల్లెలి దగ్గరికొచ్చి, "నేను కనపడ్తాండానా పాపా?" అని అడిగితే, "నిన్ను చూసేకి అంత దూరం నుంచి యంత్రం తేవల్నా అన్నా?" అంది ఇందిర. అందరూ పడీ పడీ నవ్వారు. అదే ఊపులో హేమావతి అలవాటు కొద్దీ గొట్టాన్ని ముసలమ్మ వైపు తిప్పి, పట్టీ మళ్లీ కట్టుకుని కన్ను పెట్టింది. మసకగా, ఎప్పటిలాగే కునుకుతోంది. ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. హేమావతి అయిదంది, ఇందిర మూడంది. ఒకే కంటితో చూసినా లెక్క కుదరలేదు. చిత్ర నెత్తి కొట్టుకుంది.

తెల్లవారి వంటింట్లో హేమావతి ఉగ్గాని కలుపుతోంది. చిత్ర గడప మీద కూర్చుని బొరుగులు నములుతూ, "అత్తా, నువ్వు మొట్టమొదట శనిని చూసిన కథ చెప్పు. ఎన్నిసార్లు విన్నా బాగుంటాది" అంది.

ఆ కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కొత్తకోడలిగా వచ్చిన నెలలోపే హేమావతి అంట్లు తోముతుంటే, అప్పటికింకా పెళ్లికాని ఇందిర కాలేజీలో అడిగి తెచ్చిన చిన్న దుర్భిణి మిద్దె మీద పెట్టి, తడిచేతులతోనే ఆమెను మెట్ల మీదుగా లాక్కెళ్లింది. హేమావతి మాట మాటా చెప్పుకొచ్చింది. తడిచేతులు, చీర కొంగుతో తుడుచుకోవడం, దుర్భిణిలో కన్ను పెట్టడం. అక్కడికొచ్చి ఆగిపోయింది.

గరిటె చేతిలోనే ఉండిపోయింది. మాటలు వస్తున్నాయి. వాటి వెనక బొమ్మ లేదు. కళ్లు మూసుకుంది. మెట్లు గుర్తొచ్చాయి, అంట్లు గుర్తొచ్చాయి. దుర్భిణిలో కన్ను పెట్టాక ఏం చూసిందో, తల తీశాక ఏం చూసిందో, అక్కడంతా ఉతికేసిన గుడ్డలా ఉంది. నిన్న సాయంత్రం చూసిన శని కూడా లేడు. చూశానని తెలుసు, అంతే.

"చిత్రా, నా శని పోయినాడే" అంది మెల్లగా.

చిత్ర వెంటనే బెంగళూరుకు ఫోన్లు పట్టుకుంది. మధ్యాహ్నానికి తేలింది. పట్టీ చూపును నకలు తీసుకోవడం లేదు, ఏకంగా లాగేసుకుంటోంది. ఇచ్చినామె తలలోంచి ఆ చూపూ, దాంతోపాటు అదే వస్తువును చూసిన వెనకటి చూపులన్నీ, వాటిని ఆనుకున్నవాటితో సహా, దారం లాగినట్టు ఊడి వచ్చేస్తున్నాయి. పరిశోధనశాలలో ఎవరికీ ఇది తెలియకపోవడానికి కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాళ్లు ఒకరికొకరు పూలకుండీలు, కాఫీకప్పులు చూపించుకున్నారు. కాఫీకప్పును మొదటిసారి ఎప్పుడు చూశామో ఎవడికి గుర్తుంటుంది? చిత్ర గుచ్చి గుచ్చి అడిగాక ఒక కుర్రాడు మాత్రం, కిటికీలోంచి కనిపించే చెరువును తోటివాడికి చూపించాననీ, తన ఊరి చెరువు ఎలా ఉంటుందో వారం నుంచి గుర్తు రావడం లేదనీ, పనిఒత్తిడి అనుకున్నాననీ చెప్పి, ఫోను పక్కవాళ్ల చేతిలో పెట్టేశాడట.

"మరి ముసలమ్మ?" అని గుండె పట్టుకుని అడిగింది ఇందిర. "నిన్న దాన్ని కూడా చూపిస్తివే వదినా!"

హేమావతి కళ్లు మూసుకుని వెతికింది. ముసలమ్మ ఉంది. ఇరవై ఏళ్ల ముసలమ్మా ఎక్కడికక్కడే ఉంది, ఇద్దరు కోడళ్ల మధ్య కునుకుతూ.

"మరీ మసక కదా, దారం చిక్కకపోయుంటాది" అంది చిత్ర, తనకే నమ్మకం లేనట్టు.

ఇందిర అప్పుడే తేల్చి చెప్పేసింది. "ఈ పట్టీ నాకొద్దు. నీ తలలోనిది గుంజుకుని నేను చూసేదేంది వదినా! దొంగసొమ్ము తిన్నట్ల. చిత్రా, సంచిలో పెట్టెయ్."

ఆ సాయంత్రం హేమావతి పట్టీ లేకుండా శనిని మళ్లీ చూసింది. "అమ్మో, ఇదేంది, ఇంత ముద్దుగుండాడు!" అని ఎగిరి గంతేసింది. కొత్తగా చూసే భాగ్యం కొత్తగానే ఉంది, కాదనలేదు. అయినా కిందికి దిగేటప్పుడు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది. కొత్తకోడలి బెరుకు పోయి ఈ ఇల్లు తనది అని మొదటిసారి అనిపించింది, ఇందిర దుర్భిణి తెచ్చిన ఆ సాయంత్రమే. అలా అనిపించిందని గుర్తుంది గానీ, ఎందుకు అనిపించిందో ఇప్పుడు తెలియడం లేదు.

ఇందిర మాత్రం ఆ రోజుల్లో వింతగా ఉండింది. ఒంటరిగా కూర్చుని తనలో తాను నవ్వుకునేది. ఒకరోజు వదినను పిలిచి, తల దువ్వి, కాలం కాకపోయినా మల్లెపూలు పెట్టమంది. ఇంకోరోజు గూట్లోంచి అద్దం తీసి వేళ్లతో తుడిచి పెట్టింది. హేమావతి అడిగితే, "ఏముంది లే" అని దాటేసింది.

చిత్ర సెలవు అయిపోయే ముందురోజు, ఇంకా పొద్దు వాలిన ఎరుపు ఆకాశంలో ఉండగానే ఫోను మోగింది. ప్రొద్దుటూరు రహమతుల్లా. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని చుక్కలోళ్లలో పేరు. ఆ మనిషి ఆవేళ రెండే మాటలన్నాడు.

"చెల్లెమ్మా, మిద్దెక్కండి."

"ఏమన్నా? ముసలమ్మేనా?"

"నేను చెప్పకూడదమ్మా. ఎక్కండి, ఎక్కండి!" చెప్పకుండా ఉండలేక, చెప్పనూ లేక ఫోను పెట్టేశాడు.

హేమావతి పరుగున మెట్లెక్కింది. పైమెట్టు మీదికి రాగానే కొంగు తీసి కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఆకాశం వైపు చూడలేదు. తడుముకుంటూ వచ్చి ఇందిర కుర్చీ దగ్గర నిలబడి, "చిత్రా, పట్టీలు తే" అని కేకేసింది.

"వద్దన్నా కదా!" అంది ఇందిర. విషయం ఆమెకూ అర్థమైపోయింది. "ముసలమ్మ లేచినాదా? లేచిందే అనుకో. నువ్వు చూడు. చూసి నాకు చెప్పు."

"ఒక్కదాన్నే చూసి చెప్పేది మన పద్ధతి కాదు."

"నీ ఇరవై ఏండ్లు పోతాయి వదినా! ఇంత వెలుగుకు దారం చిక్కకుండా ఉంటాదా? ముసలమ్మ ఇన్నాళ్లు పండుకున్నదంతా పోతే, ఇప్పుడు లేచిందని నీకెట్ల తెలుస్తాది? ఏదో ఒక చుక్క వెలుగుతాండాది అనుకుంటావు. అంతేనా నీకు?"

"అదే నా మాటా" అంది చిత్ర. పట్టీలు తెచ్చింది గానీ చేతిలోనే పట్టుకుని నిలబడింది. "అత్తా, నేను కట్టను. తెలిసి తెలిసి కట్టలేను."

హేమావతికి కోపం వచ్చింది. కొంగు కళ్లకు అలాగే ఉంచుకుని, ఆకాశానికి వీపు పెట్టి గట్టిగా అంది. "ఇరవై ఏండ్లు నేనొక్కదాన్నే చూసినానా? ఇది పక్కన కూచోలేదా? నా తలలోది పోతే దీని తలలో ఉంటాది. రోజుకొకటి చెప్పించుకుని వింటా. ముసలమ్మ మళ్లీ లేచేసరికి మేమిద్దరం మట్టి. ఇది చూడకుండా నేనొక్కదాన్నే చూసి నవ్వుకోమంటావా? నాకు చేతకాదు. కట్టు!"

కింద వీధిలో ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు. ఇందిర చెయ్యి చాచి వదిన చీరకుచ్చిళ్లు పట్టుకుంది. ఆ తర్వాత తల వంచింది. చిత్ర ముక్కు ఎగబీలుస్తూ ఇద్దరికీ పట్టీలు కట్టి, చేతిలో పలకంత తెర మీద చూపుల గీతలు చూస్తూ కూర్చుంది.

హేమావతి కొంగు తీసి, తూర్పుకు తిరిగి తలెత్తింది.

ఒసేయ్ ముసలమ్మా! కోడళ్లిద్దరూ ఎక్కడున్నారో కూడా తెలియడం లేదు. టెలిస్కోపుతో పనే లేదు. ఇన్నేళ్లూ గొట్టంలో కూడా కళ్లు చికిలించి వెతుక్కోవాల్సిన చోట, నల్లగుట్ట పైన, పెట్రోమాక్సు లైటు పెట్టినట్టు వెలుగుతోంది. హేమావతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "లేచింది మే, లేచింది!" అని కట్టుబాటు కూడా మరిచి అరిచింది.

"తెలుస్తాండాది, తెలుస్తాండాది!" అని ఇందిరా అరిచింది. రెండు క్షణాలయ్యాక గొంతు మార్చి, "అయితే నేరుగా చూడు వదినా!" అంది.

"చూస్తాండానే!"

"యాడ చూస్తాండావు? నడిమధ్యలో ఏమీ లేదు, ఒట్టి ఆకాశం. ముసలమ్మ మూలకుండాది. పక్కకెందుకు చూస్తాండావు?"

హేమావతి నాలుక కరుచుకుంది. నిజమే. మసక చుక్కను నేరుగా చూస్తే కనపడదు. కాస్త పక్కకు చూపు పెట్టి, కంటి కొసతో పట్టుకోవాలి. చుక్కలోళ్లు మొదట నేర్చుకునే విద్య అదే. ఆమెకు దాన్ని నేర్పింది కూడా ఇందిరే. ఇరవై ఏళ్లుగా ముసలమ్మను ఓరగా చూసీ చూసీ, ఇప్పుడు ముసలమ్మ ఎంత వెలిగినా కన్ను దానంతటదే పక్కకు జారిపోతోంది. కొత్తకోడలు అత్తగారి మొహంలోకి సూటిగా చూడలేనట్టు, నేరుగా చూడ్డానికి మొండికేస్తోంది.

"ఉండు, తిప్పుతా" అని పట్టుదలగా చూపును ముసలమ్మ మీదికి లాగబోయింది.

"అత్తా, వద్దు!" చిత్ర ఒక్క ఉదుటున లేచి ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది. తెర కింద పడి చప్పుడైంది. "నేరుగా చూడొద్దు! అట్లే పక్కకే చూడు. అమ్మకు చుక్క అందుతాండాది, కానీ నీ దారం కదల్లేదు! గీత కదల్లేదు అత్తా!"

ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. చిత్ర గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పట్టీ చూపంతా అందిస్తుంది. కానీ దారం లాగేది చూపు నేరుగా పడిన చోటునుంచే. కంటి కొసన పడినదాన్ని అది ముట్టుకోవడం లేదు. మొదటిరోజు శనిని నేరుగా చూసింది, శని పోయాడు. ముసలమ్మను ఓరగా చూసింది, ముసలమ్మ మిగిలింది. పరిశోధనశాలలో అందరూ చూడాల్సినదాన్ని చూడాల్సినట్టే చూశారు. చూడాలనుకున్నదాన్ని పక్కకు తిరిగి చూసే మనుషులు లోకంలో ఉంటారని అక్కడెవరికీ తట్టలేదు.

"ఇప్పుడు కండ్లు మూసుకుని చెప్పత్తా. నిన్నటి ముసలమ్మ ఎట్లుండె?"

హేమావతి కళ్లు మూసుకుంది. ఒళ్లంతా చెవులు చేసుకుని ఇందిర ఎదురు చూస్తోంది.

"కునుకుతాండె" అంది హేమావతి. "చిన్నకోడలి పక్కకు ఒరిగి. మొన్నా అంతే. పోయినేడు తుపాను ఎలిసిపోయినాక చూసినాం చూడు, అప్పుడూ అంతే. అన్నీ ఉండాయి మే. ఒక్కటీ పోలేదు."

ఇందిర కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "గుడ్డికన్నా మెల్ల మేలని ఊరికే అన్లేదు వదినా! ఈ మిద్దె మీద గుడ్డిదాన్ని నేను, మెల్లదానివి నువ్వు!"

ఆ నవ్వుకు నాగముని కూడా లేచి పైకొచ్చాడు. కండువా భుజాన వేసుకుని, ముసలమ్మను తేరిపార చూసి, "దీనికేనా ఇరవై ఏండ్లు! బాగుండాది లే" అని మెచ్చుకున్నాడు. హేమావతి ఓరగా చూస్తూ ఇందిరకు ముసలమ్మను తనివితీరా ఇచ్చింది. ఆ పైన పట్టీ విప్పేసి, నేరుగా కళ్లలో కళ్లు పెట్టి తన కోసం తాను చూసుకుంది. కన్ను ఈసారి మాట వింది.

"మెట్టు చెప్పేది మరిస్తిమి" అంది ఇందిర.

"ఇంక యాడి మెట్లు? కోడళ్లిద్దరూ మూల కూచున్నారు. దీనికి సరిపడే కొత్త కోడళ్లను వెతకల్ల."

అక్కడే ఉన్న రెండు పెద్ద చుక్కలను హేమావతి ఎంచింది. పట్టీ మళ్లీ కట్టుకుని, ముసలమ్మనూ కొత్తకోడళ్లనూ ఓరగానే ఒక చుట్టు చుట్టి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. హేమావతి ఏడంది. ఇందిర తొమ్మిదంది. చిత్ర ఈసారి నెత్తి కొట్టుకోలేదు, రెండూ రహమతుల్లాకు పంపింది. ఆయన ఫోన్లోనే భోరుమన్నాడు. ఇంతసేపు నోరు కట్టుకున్నందుకు తనకు ఎవరైనా సన్మానం చేయాలన్నాడు.

తర్వాత చిత్ర కిందికి వెళ్లి బెంగళూరుకు మాట్లాడుతూ కూర్చుంది. పరిశోధనశాలలోని వాళ్లందరూ కదిరి వచ్చి, ఈ మిద్దె మీద కూర్చుని ఓరచూపు నేర్చుకునేదాకా పట్టీ ఎవరి తలకూ కట్టకూడదని గట్టిగా చెబుతోంది. చెరువు పోగొట్టుకున్న కుర్రాడు తనే మొదట వస్తానన్నాడట. హేమావతికి పోయింది మాత్రం తిరిగి రాదు. లాగిన దారాన్ని వెనక్కి పంపాలంటే పుచ్చుకున్నవాళ్లు దాన్ని మళ్లీ కళ్లతో చూడాలి. ఇందిరకు ఆ కళ్లు లేవు.

మిద్దె మీద వదినా ఆడబిడ్డలే మిగిలారు. ముసలమ్మ ఇంకా పైకొచ్చింది. ఇందిర కొంగు అంచు నలుపుతూ నోరు విప్పింది.

"వదినా, నేనొక దొంగతనం చేసినా."

"ఏమే?"

"శనిని ఇచ్చిన పొద్దు, నీ మొదటి శని కూడా నా దగ్గరికి వచ్చేసినాడు. నువ్వు దుర్భిణిలో కన్ను పెట్టిన కాడ్నుంచి ఆ పాత సాయంత్రమంతా వచ్చేసింది. చెప్తే నీకు బాధ అనుకుంటి. అది సాకు లే. నిజం చెప్పల్లంటే, నాకే దాన్ని దాచుకోవాలని ఆశ పుట్టె."

హేమావతి కుర్చీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"నువ్వింతవరకు అందరికీ చెప్పిన కథ తప్పు వదినా. ఆ పొద్దు నువ్వు శనిని చూసింది రెండు క్షణాలే. అలికినట్ల, సగం సగం చూసినావు. తల తీసినాక అంతా నన్నే చూసినావు. నేను పక్కన నిలబడి, చూసినావా, ఉంగరం చూసినావా అని ఎగుర్తాండా. నువ్వు ఊ అంటాండావు, నన్నే చూస్తాండావు. మూడేండ్లుగా ఏ మొహమూ చూడనిదాన్ని. చూడక చూడక నాకు కనిపించింది నా మొహమే. అదీ నీ కండ్లతో."

హేమావతి వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎట్లుంటివి?"

"ఒంటిజడ. మల్లెపూలు ఒకపక్క జారిపోయినాయి. బొట్టు కూడా పక్కకు జరిగుండె. అది చెప్పనేలేదే నువ్వు! అట్లే ఊరంతా తిరిగింటా ఆ పొద్దు."

"చెప్పబుద్ధి కాకపోయుంటాది" అంది హేమావతి. నవ్వాలనుకుంది గానీ నవ్వు రాలేదు. "అంతేనా? ఇంకా చెప్పు. నాకు గుర్తులేదు కదా. నువ్వే చూసి చెప్పాల. ఎట్లుంటివి?"

ఇందిర వెంటనే చెప్పలేదు. చుక్కలోళ్ల పద్ధతి ప్రకారం, చూసినదాన్ని ఇంకొకసారి బాగా చూసుకుని, లెక్క తప్పలేదని నిర్ధారించుకుని, అప్పుడు చెప్పింది.

"బాగుంటిని వదినా" అంది. "నేను చానా బాగుంటిని."